ఎలీసమ్మ గారి బంకు పెట్రోలు

ఎలీసమ్మ గారి బంకులో పెట్రోలు మంచిదే. ఈ ఒక్క మాట పైకి అనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అన్నదైనా నేను అనుకున్నట్టు అనలేదు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు, ఆ పెట్రోలు కల్తీదని ఊరందరినీ నమ్మించిన వెధవ ఎవరో చెప్పాలి. నేనే.

నా పేరు మార్కండేయులు. అద్దంకిలో మేదరమెట్ల వెళ్ళే రోడ్డు మీద నాకో కార్ల షెడ్డు ఉంది, దాని వెనకే ఇల్లు. ఈ గొడవ జరిగిన 2005లో నాకు యాభై రెండేళ్ళు. అప్పటికి మా చుట్టుపక్కల పెట్రోలు కార్లు చూసేవాళ్ళలో నా పేరే ముందు. ఆ పేరు నా చేతికి వచ్చింది కాదు, చెవికి వచ్చింది. బండి షెడ్డులోకి వస్తున్న చప్పుడు విని, బానెట్ ఎత్తకుండానే, "మూడో ప్లగ్గు సరిగ్గా కొట్టడం లేదు, తీసి చూడండి" అనేవాణ్ణి. తీస్తే మూడోదే. పొదిలి నుంచీ చిలకలూరిపేట నుంచీ కూడా బండ్లు నా దగ్గరకొచ్చేవి. మార్కండేయులు చెవి పెట్టాడంటే ఇక తిరుగులేదు అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు కడుపు నిండిపోయేది. లోపలి నుంచి మా ఆవిడ రాజేశ్వరి అన్నం చల్లారిపోతోందని పిలుస్తున్నా కదిలేవాణ్ణి కాదు.

షెడ్డు పెట్టకముందు పద్నాలుగేళ్ళు గుంటూరు దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేశాను. వరసగా ముప్పై మిషన్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పత్తిలోంచి గింజ వేరుచేస్తూ గోలపెడుతుంటే పక్కమనిషితో సైగలే తప్ప మాటల్లేవు. మిల్లు నిండా దూదే. అందులో చిటికెడు తీసి చెవుల్లో పెట్టుకోవాలన్న బుద్ధి ఒక్కడికే పుట్టింది, యలమంద అని. వాణ్ణి కొత్త పెళ్ళికూతురని ఏడిపించాం. ఆ పేరు పెట్టింది నేనే. యలమందకి ఇప్పుడు డెబ్బై దగ్గరపడుతున్నాయి, పక్క వీధిలో గిన్నె కింద పడినా వినపడుతుంది.

నాకు ముందు పిచ్చుకలు పోయాయి. పిచ్చుకలు తగ్గిపోతున్నాయని పేపర్లో కూడా రాశారు కదా, అందుకే అనుకున్నాను. తర్వాత నా చేతి గడియారం అలారం పోయింది. బ్యాటరీ మార్పించాను. మార్చినవాడు దాన్ని నా ముఖం ముందు పెట్టి, "మోగుతోంది కదండీ" అన్నాడు. "ఆ, మోగుతోంది" అని వచ్చేశాను.

చివరికి ఇంట్లో స్పేర్ పార్టుల కోసమని చెప్పి గుంటూరు వెళ్ళి, బ్రాడీపేటలో ఒక చెవి డాక్టరు దగ్గర కూర్చున్నాను. చిన్న గదిలో పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కమన్నారు. మొదట్లో బాగానే నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అద్దంలోంచి డాక్టరు నావంకే చూస్తున్నాడు. పరీక్షలో తప్పుతానేమోనన్న భయం పట్టుకుంది నాకు. అందాజుగా ఒకటి నొక్కాను. కాసేపాగి ఇంకోటి నొక్కాను. ఆయన తలుపు తీసుకొచ్చి, "ఇప్పుడు నేనేమీ పెట్టలేదండీ" అన్నాడు, నవ్వకుండా. యాభై ఏళ్ళవాణ్ణి, నా చెవి పరీక్షలో నేనే కాపీ కొట్టబోయి దొరికిపోయాను.

ఆయన ఒక కాయితం చేతికిచ్చాడు. దాని మీద ఒక గీత ఎడమ పక్క తిన్నగా నడిచి, కుడి పక్కకి వచ్చేసరికి బావిలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. మనుషుల మాటలు, లారీల రొద బాగానే వినపడతాయి, సన్నటి చప్పుళ్ళు మాత్రం ఇక తిరిగిరావు అన్నాడు. చేసేది ఏం పని అని అడిగాడు. వ్యవసాయం అని చెప్పాను. ఆ కాయితాన్ని పనిముట్ల పెట్టె అడుగున, పాత గ్యాస్కెట్ల కింద దాచాను. రాజేశ్వరికి స్పేర్ పార్టులు దొరకలేదని చెప్పాను.

అలాంటి చెవి పెట్టుకుని కోటేష్ బండి ఒప్పుకున్నాను.

కోటేష్‌ది గుంటూరులో మిర్చి కమిషన్ వ్యాపారం. ముప్పై ఏళ్ళవాడు, వేగమంటే పిచ్చి. పాత కార్బురేటర్ జెన్ కారు ఒకటి ఉంది. మేదరమెట్ల దగ్గర కొత్తగా వేసిన నాలుగు వరసల రోడ్డు మీద ఆదివారాలు పొద్దున్నే స్నేహితులతో పందేలు వేసేవాడు. మార్చి నెలలో ఒకరోజు, న్యూస్‌పేపర్లో చుట్టిన క్యామ్ షాఫ్ట్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కోయంబత్తూరులో చేయించాడట.

"బాబాయ్, ఇది బిగించి టైమింగ్ నువ్వే పెట్టాలి. గుంటూరులో ఎవడి చెవి మీదా నాకు నమ్మకం లేదు" అన్నాడు.

ఆ మాట అనకపోయి ఉంటే పోన్లే, వేరే చోట చూసుకో అనేవాణ్ణేమో. అనేవాణ్ణి కాదు. ఇప్పుడెందుకు అబద్ధం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇంజన్లోకి గాలీ పెట్రోలూ వచ్చే వాల్వుల్ని తెరిచేది క్యామ్. కంపెనీ క్యామ్ సంసారి, ఎంత కావాలో అంతే తెరుస్తుంది. ఇలా బయట చేయించిన క్యామ్ ఎక్కువ తెరుస్తుంది, ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అందుకే వేగంలో బలం వస్తుంది, నిలబడ్డప్పుడు మాత్రం ఇంజన్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆ వణుకు తగ్గాలంటే ప్లగ్గులో నిప్పు ఇంకొంచెం ముందుగా పడాలి. అదే టైమింగ్. కానీ ఎక్కువ ముందుకి జరిపితే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాని నెత్తిన కొడుతుంది. అలా కొట్టేటప్పుడు సన్నగా గలగలమని ఒక చప్పుడు వస్తుంది. మేం నాకింగ్ అంటాం. దాన్ని పట్టించుకోకుండా తోలితే పిస్టన్లు పోతాయి.

కంపెనీ క్యామ్‌కైతే డిగ్రీలు పుస్తకంలో ఉంటాయి. ఇలాంటి దానికి పుస్తకం లేదు. బరువు వేసి, టాప్ గేర్లో నిదానంగా పోతూ యాక్సిలరేటర్ అదిమి తొక్కాలి. ఆ గలగల వినపడేదాకా టైమింగ్ కొద్దికొద్దిగా ముందుకి జరపాలి. వినపడగానే వెంట్రుకవాసి వెనక్కి తిప్పి బోల్టు బిగించాలి. అంతా చెవి మీదే.

బరువుకి కొండ ఎక్కిస్తారు వేరే ఊళ్ళలో. మాది బల్లపరుపు నేల, కొండ కావాలంటే ఎక్కడికో పోవాలి. అందుకని నేను మిరప బస్తాలు వేసేవాణ్ణి. ఆ రోజు కోటేష్ మూడు బస్తాలు పంపాడు. రెండు వెనక సీట్లో, ఒకటి డిక్కీలో కుక్కాం. చప్పుడు సరిగ్గా వినాలంటే అద్దాలు ఎత్తే ఉంచాలి. అద్దాలు ఎత్తితే ఆ ఘాటుకి కళ్ళూ ముక్కూ ఏకధార. ముఖానికి తువ్వాలు చుట్టుకుని తోలుతున్నాను. మేదరమెట్లలో వాళ్ళ అక్క ఇంటికి పోవాలని రాజేశ్వరి కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కన కూర్చుంది.

నాలుగుసార్లు రోడ్డు పక్కన ఆపాను. ఆపినప్పుడల్లా దిగి, టైమింగ్ జరిపే డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పి, మళ్ళీ ఎక్కి తొక్కాను. ఎంత ముందుకి జరిపినా చప్పుడు లేదు. నాకు సంతోషం ముంచుకొచ్చింది. ఏం క్యామ్ చేశాడురా, ఎంత పెట్టినా తింటోంది అనుకున్నాను.

నాలుగోసారి తొక్కినప్పుడు రాజేశ్వరి కొంగు తీసి అడిగింది.

"ఏమండీ, ఏంటా చప్పుడు? గాజుల పెట్టె ఊపుతున్నట్టుంది."

నా కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేచింది. అది నిజం. వెంటనే కోపం వచ్చింది. అదీ నిజమే.

"అది క్యామ్ చప్పుడు. బయటి క్యామ్ వేస్తే అలాగే ఉంటుంది. నీకు తెలియని వాటిల్లో వేలు పెట్టకు" అన్నాను.

ఆమె మళ్ళీ కొంగు ముక్కుకి పెట్టుకుంది. నేను బోల్టు అక్కడే బిగించేశాను. వెనక్కి వెంట్రుకవాసి కూడా తిప్పలేదు.

పది రోజులకి, ఆదివారం పొద్దున్నే పందెంలో బండి పొగలు కక్కి రోడ్డు మీద ఆగిపోయింది. సోమవారం లారీకి కట్టి లాక్కొచ్చారు. ఇంజన్ విప్పేటప్పుడు చుట్టూ ఎనిమిది మంది మూగారు. మా వైపు ఇంజన్ విప్పడమంటే సినిమాతో సమానం. హెడ్ ఎత్తగానే నాకు తెలిసిపోయింది. ఒక పిస్టన్‌కి బొక్క పడింది. మిగతా మూడింటి నెత్తి మీద ఎలకలు కొరికినట్టు గుంటలు. అది గాజుల పెట్టె చేసిన పని. రాజేశ్వరి విన్నది, నేను విననిది.

"ఏమైంది బాబాయ్?" అన్నాడు కోటేష్.

ఆ ప్రశ్నకి జవాబు నా నోట్లో ఉంది. తప్పు నాదేరా, టైమింగ్ ఎక్కువ పెట్టాను అంటే అయిపోయేది. కోటేష్ తిట్టేవాడు, నేను పడేవాణ్ణి. కానీ ఎనిమిది మంది నా ముఖంలోకి చూస్తున్నారు. అలా ఎలా పెట్టావు, నీకు వినపడలేదా అని ఎవడో ఒకడు అడుగుతాడు. ఆ ప్రశ్న రాకుండా నేనే ఇంకో ప్రశ్న వేశాను.

"పెట్రోలు ఎక్కడ పోయించావు?"

"ఎలీసమ్మ బంకులో. పందేనికి పోతూ ట్యాంకు నింపించాను."

"ఇంకేం" అన్నాను.

మొదటి రోజు నేనన్నది ఆ ఒక్క ముక్కే. మిగతాదంతా ఆ ఎనిమిది మందే అల్లుకున్నారు. రెండో రోజు నుంచి అడిగినవాళ్ళకి నేను కూడా అల్లాను. పెట్రోల్లో కిరసనాయిలు కలిస్తే పిస్టన్లు ఇలాగే తయారవుతాయి అని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు, నిజంగా అలాగే తయారవుతాయి. బొక్క పడ్డ పిస్టన్‌ని తుడిచి, నా బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాను. వచ్చిన ప్రతివాడూ దాన్ని చేతిలోకి తీసుకుని, బొక్కలో వేలు పెట్టి చూసి, తల ఊపి పోయేవాడు.

ఎలీసమ్మ గారి బంకు నా షెడ్డుకి అర కిలోమీటరు. ఆవిడ భర్త మిలిటరీలో ఉండి కాశ్మీరు సరిహద్దులో చనిపోతే ప్రభుత్వం ఆ బంకు ఇచ్చింది. అప్పటికి నాలుగేళ్ళు నడుపుతోంది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, పొద్దున ఆరు నుంచి పంపు పక్కనే కుర్చీలో ఉండేది. ఊళ్ళో మిగతా బంకుల వాళ్ళందరికీ గారు తగిలించే మేము, ఆవిణ్ణి మాత్రం ఉత్త ఎలీసమ్మ అనేవాళ్ళం. నేనూ అంతే. ఆవిడ కల్తీ చేసిందంటే నమ్మడానికి ఊరికి ఒక్క పూట కూడా ఎందుకు పట్టలేదో నాకు తెలుసు. అదే ఇంకొకరి బంకయితే, ఆ గారుల బంకయితే, నన్నే నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఈ సంగతి, ఆ రోజు "ఇంకేం" అన్నప్పుడే నాకు తెలుసు. అన్నిటికన్నా నన్ను ఎక్కువ తినేసేది అదే.

నెల తిరిగేసరికి బంకు బోసిపోయింది. ఆఫీసర్లు రెండుసార్లు వచ్చి శాంపిళ్ళు తీసుకుపోయారు. బాగుందని కాయితం ఇచ్చారు. వాళ్ళకీ ముట్టజెప్పి ఉంటుందన్నారు మావాళ్ళు. అప్పుడావిడ ఫిల్టర్ పేపర్లు పట్టుకుంది. తెల్లటి గుండ్రటి కాయితం మీద పెట్రోలు చుక్క వేస్తే, మంచిదైతే మరక లేకుండా ఆరిపోతుంది. కల్తీదైతే మరక మిగులుతుంది. అడిగితే ఏ బంకులోనైనా చేసి చూపించాలి, ఎవడూ అడగడు. ఈవిడ అడగకుండానే, వచ్చిన ప్రతివాడికీ చుక్క వేసి చేతిలో పెట్టేది. ఆరిన కాయితం చూసి వాళ్ళు తల ఊపేవాళ్ళు. మర్నాడు వచ్చేవాళ్ళు కాదు.

నేను స్కూటర్ మీద ఆ బంకు ముందు నుంచి ముఖం పక్కకి తిప్పుకుని పోయేవాణ్ణి. పెట్రోలు మంచిదని ఊరు మొత్తంలో ఖాయంగా తెలిసింది ఆవిడకీ నాకూ మాత్రమే. అయినా నాలుగు కిలోమీటర్లు పోయి వేరే బంకులో పోయించుకునేవాణ్ణి. ఆ దారిలో రోజూ నన్ను నేను తిట్టుకునేవాణ్ణి, తిరిగొచ్చి రోజూ ఆ పిస్టన్‌కి దుమ్ము తుడిచేవాణ్ణి.

జూలైలో ఒక మధ్యాహ్నం ఆవిడ తన మారుతి వ్యాను తోలుకుంటూ నా షెడ్డుకే వచ్చింది. దిగి, బల్ల మీద పిస్టన్‌ వంక ఒకసారి చూసి, నాకు నమస్కారం పెట్టింది.

"మార్కండేయులు గారూ, ఈ బండి కొన్న దగ్గర్నుంచీ నా బంకు పెట్రోలే తాగుతోంది. వేరే చుక్క ఎరగదు. మీరు చెవి పెట్టి వినండి. అవసరమైతే విప్పి చూడండి. పిస్టన్‌కి ఒక్క గుంట ఉన్నా రేపే బంకు మూసేస్తాను. మీ చెవి తప్పు చెప్పదంటారు కదా" అంది.

ఎత్తిపొడుపు కాదు. నమ్మి వచ్చింది. నన్ను తిట్టిపోసి ఉంటే ఎంత బాగుండేది.

ముందు సీటు ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా స్క్రూడ్రైవర్ కొస దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. లోపల ధనధనమని లావు చప్పుడు. దాని పైన ఏముందో, ఏం లేదో నాకు దేవుడి మీద ఒట్టు తెలియదు. ఆవిడ తప్పు లేదని చెప్పడానికి కూడా నా దగ్గర చెవి లేదు. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విన్నట్టు నటించాను.

"బాగానే ఉందమ్మా. ఏ చప్పుడూ లేదు" అన్నాను.

"ఆ మాటే నలుగురిలో చెబుతారా?"

"ఒక్క బండి చూసి ఎలా చెప్పమంటావు?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యం వేసింది.

ఆవిడ నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఇంజన్ వంక చూసింది. మళ్ళీ నావంక చూసింది. "సరేనండీ" అని బండి తోలుకుని వెళ్ళిపోయింది.

రాజేశ్వరి ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఫ్యాన్ బెల్టు అంతలా కీచుమని అరుస్తుంటే ఆవిడకి చెప్పలేదేం?" అని అడిగింది.

"ఏ బెల్టు?" అన్నాను. అనేశాక అర్థమైంది.

ఆమె వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మీకు సన్న చప్పుళ్ళు వినపడవని నాకు ఏడాది పై నుంచే తెలుసు. కుక్కర్ విజిల్ అని నేను వచ్చి చెబితే కానీ మీరు తల ఎత్తరు. ఆ కాయితం కూడా చూశాను. మీరే చెబుతారులే అని ఊరుకున్నాను. చెవి పోవడం తప్పు కాదు. జెన్‌లో ఆ రోజు నేను చెప్పింది వినకపోవడం, పోనీ, మొగుడి అలవాటు అనుకుంటాను. ఆవిడ నోటికాడ కూడు తీశారే, అది దేని కింద సర్దుకోమంటారు నన్ను?"

నేను అరిచాను. ఏమని అరిచానో కూడా గుర్తులేదు. ఆమె లేచి, బల్ల మీద పిస్టన్ తీసి, నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

మర్నాడు పొద్దున స్కూటర్ తీశాను. దారంతా లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఆవిణ్ణి పక్కకి పిలిచి, మెల్లగా, ఆవిడ ఒక్కదానికే చెప్పాలి. క్షమించమనాలి. ఇక మీదట ఎవరైనా అడిగితే ఆ పెట్రోలు బాగుపడిందట అని మెత్తగా ఒక మాట జారవిడవాలి. ఊళ్ళో నా పేరూ నిలుస్తుంది, ఆవిడ బంకూ నిలుస్తుంది. అంత సిగ్గులోనూ నా తెలివి నన్ను వదల్లేదు.

బంకు ఎదురుగా టీ హోటల్ ఉంది. అక్కడ పది పన్నెండు మంది పేపరు చదువుతూ, బస్సు కోసం చూస్తూ కూర్చుని ఉన్నారు. బంకులో పంపు దగ్గర పనిచేసే కొండమ్మ ఒక ఆటోకి పెట్రోలు కొడుతోంది. పక్కన జనరేటర్ నడుస్తోంది. ఎలీసమ్మ కుర్చీలో ఉంది. నేను దగ్గరికి పోయి, కాస్త వంగి, గొంతు తగ్గించి చెప్పాను.

"అమ్మా, నీ పెట్రోల్లో ఏ దోషమూ లేదు. కోటేష్ ఇంజన్ పోయింది నా చేతుల్లో. టైమింగ్ ఎక్కువ పెట్టేశాను. నాకు చెవులు పోయాయి, నాకింగ్ చప్పుడు వినపడదు. ఆ సంగతి దాచుకోవడానికి నీ మీదకి నెట్టాను. ఇన్నాళ్ళూ తెలిసీ నెట్టాను. నన్ను క్షమించు."

చెప్పి తల ఎత్తేసరికి కొండమ్మ చేతిలో పంపు గొట్టం ఆగిపోయి ఉంది. ఆటోవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. రోడ్డుకి అవతల టీ హోటల్లో ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. పేపరు చదివే పిచ్చయ్య, మా పక్క ఊరి రైతు, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. మొదట నాకేమీ అర్థం కాలేదు. తర్వాత జనరేటర్ వంక చూశాను.

గొంతు తగ్గించాననే అనుకున్నాను. ఎంత తగ్గిందో చూసుకునే కొలత నా దగ్గర లేదు. జనరేటర్ రొదని మించి అరిచినట్టున్నాను. రోడ్డు అవతలి దాకా ప్రతి అక్షరం వినపడింది.

పిచ్చయ్య రోడ్డు దాటి వచ్చి నా భుజం తట్టాడు.

"మగాడివయ్యా. ఇంతమందిలో తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలి" అన్నాడు.

వెనక వచ్చినవాళ్ళు కూడా అవునన్నారు. ఆవిడ నెలల తరబడి కుర్చీలో కూర్చుని కాయితాలు ఆరబెట్టింది, ఆవిడ గుండె గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ మా ఊళ్ళో నన్ను నలుగురిలో ఒప్పుకున్న మనిషి అంటారు. నేను కాదనలేదు. ఇదిగో, ఇవాళ కాదంటున్నాను.

వాళ్ళు కాస్త పక్కకి జరిగాక ఎలీసమ్మ ఏదో అంది. నాకు అందలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఊరందరి ముందూ ఆ పని చేయడం అదే మొదలు. ఆవిడ లేచి దగ్గరకొచ్చి, నా ముఖానికి ఎదురుగా నిలబడి మళ్ళీ అంది.

"మెల్లగా చెప్పిపోదామనే వచ్చారు కదండీ?"

తల ఊపాను.

"నిన్న బెల్టు అంతలా అరుస్తుంటే ఏ చప్పుడూ లేదన్నారు. అప్పుడే తెలిసింది నాకు."

"మరి నిన్ననే నలుగురిలో ఆ మాట అనలేకపోయారా?" అన్నాను. మొదటిసారి ఆవిణ్ణి మీరు అన్నాను.

"నేనంటే ఎవరు నమ్ముతారండీ?" అంది. కోపంగా కాదు, పెట్రోలు ధర చెప్పినట్టు చెప్పింది.

తర్వాత కోటేష్ నా షెడ్డు గడప తొక్కలేదు. బండ్లు సగానికి సగం తగ్గాయి. ఆవిడ బంకు మానేసినవాళ్ళలో సగం మందే తిరిగొచ్చారు. నేను చెడగొట్టిన దాన్ని నేనే పూర్తిగా బాగుచేయలేకపోయాను.

ఆ పొద్దున మాత్రం వెళ్ళిపోబోతూ, పెట్రోలు పోయించుకోవాలని స్కూటర్ పంపు దగ్గరికి తోశాను. కొండమ్మ ట్యాంకు నింపింది. ఎలీసమ్మ గారు పెట్టెలోంచి ఫిల్టర్ పేపర్ తీసి, చుక్క వేసి నా ముందు చాపారు.

"నాకెందుకండీ? నాకు తెలుసుగా" అన్నాను.

"అందరికీ ఇస్తాను" అన్నారు.

అరచేతిలో పెట్టుకున్నాను. టీ హోటల్ దగ్గర అందరూ చూస్తున్నారు. చుక్క వెడల్పుగా పాకి, అంచుల దగ్గర నుంచి తెల్లబడుతూ వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. అది పూర్తిగా ఆరేదాకా తల దించుకుని అక్కడే నిలబడ్డాను.